బండి ధర ఒకటి, ఇంజిన్ ఖరీదు మరొకటి

అనంతపురం, గుంతకల్లు, తాడిపత్రి, కదిరి, హిందూపురం పట్టణాల్లో ఏ ముస్లిం మొహల్లాకు వెళ్లినా వీధి చివర రెండు మూడు చిన్న సరుకు వ్యాన్లు నిలిచి కనిపిస్తాయి. చీనీకాయలను మార్కెట్ యార్డుకు చేర్చేది ఒకటి, ధర్మవరం చీరల మూటలను మోసేది ఒకటి, రాయదుర్గం జీన్సు ప్యాంట్ల కట్టలతో బళ్లారి దారి పట్టేది మరొకటి. వానలు మొహం చాటేసే ఈ గడ్డ మీద సేద్యాన్ని నమ్ముకోలేని కుటుంబానికి ఆ నాలుగు చక్రాలే నాలుగెకరాల పొలం.

ఈ బండ్లలో చాలావరకు కొత్తవి కావు. ఒకరిద్దరి చేతులు మారి, బెంగళూరులోనో కర్నూలులోనో కొన్నేళ్లు తిరిగి, ఇక్కడికి చేరినవి. కొనేవారు ధర దగ్గర వారం రోజులు బేరమాడతారు. ఇంజిన్ దగ్గర మాత్రం పది నిమిషాలు కూడా నిలబడరు. ప్రభుత్వ కార్యాలయంలో గుమస్తాగా పనిచేసి విరమించిన తర్వాత మేము చేస్తున్న సేవలో ఎక్కువ భాగం రుణ దరఖాస్తులు నింపడమే. ఆ దరఖాస్తుల్లో వాహనం ధరకు గడి ఉంటుంది, బీమాకు గడి ఉంటుంది. ఇంజిన్ మరమ్మతుకు గడి ఉండదు. కుటుంబాలు మునిగేది ఆ లేని గడిలోనే.

ఈ వ్యాసంలో మేము చెప్పదలచినది ఒక్కటే. పాత వ్యాను ఇంజిన్ మరమ్మతు అనుకోకుండా వచ్చిపడే ఆపద కాదు, అది బండి ధరలో భాగం. కొనే కుటుంబం, అప్పిచ్చే సంస్థ, అండగా నిలవవలసిన జమాఅత్ – ముగ్గురూ మొదటి రోజు నుంచే దానిని లెక్కలోకి తీసుకోవాలి.

ఇది మన సమస్య ఎందుకు?

2006 నవంబరులో వెలువడిన సచార్ కమిటీ నివేదిక ముస్లిం కార్మికులలో 61 శాతం మంది స్వయం ఉపాధి మీద ఆధారపడినవారని, హిందూ కార్మికులలో ఆ వాటా 55 శాతమని తెలిపింది. నెల జీతం, సెలవు, పింఛను లేని బతుకులు మనలో ఎక్కువ అని దీని అర్థం. బ్యాంకు రుణాలలో ముస్లింలకు అందుతున్న వాటా జనాభాలో వారి వాటా కంటే తక్కువని కూడా ఆ నివేదికే చెప్పింది. ఉద్యోగి జ్వరపడితే సెలవు పెట్టుకుంటాడు. వ్యాను జ్వరపడితే ఇంటిల్లిపాది ఆదాయమూ ఆ రోజుకు ఆగిపోతుంది. కంతు మాత్రం ఆగదు.

ఇంకొక సంగతి కూడా ఉంది. ఈ జిల్లాలో బండ్లు నడిపేవారిలోనే కాదు, వాటిని బాగుచేసే మెకానిక్కులు, లేత్ పనివారు, రేడియేటర్ పనివారు, ఎలక్ట్రీషియన్లలోనూ మనవారు చాలామంది ఉన్నారు. రోగి, వైద్యుడు ఒకే మొహల్లాలో ఉండి కూడా రోగం ముదిరిన తర్వాతే కలుసుకోవడం విచారకరం.

ఈ నేల ఇంజిన్‌ను ఎలా తింటుంది?

అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతం 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటడం ఇక్కడ మామూలే. ఎండ, దుమ్ము, ఉప్పునీరు, మోతకు మించిన బరువు – ఈ నాలుగూ కలిసి ఇంజిన్ ఆయువును తగ్గిస్తాయి.

మొదటిది వేడి. రేడియేటర్‌లో కూలెంట్‌కు బదులు బోరు నీళ్లు పోయడం మనవారి అలవాటు. ఇక్కడి బోరు నీరు గట్టి నీరు. వంటింట్లో నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర కట్టినట్లే రేడియేటర్ గొట్టాల లోపలా, ఇంజిన్ నీటి మార్గాలలోనూ పొర కడుతుంది. నీరు సాఫీగా తిరగదు, ఇంజిన్ హీటెక్కుతుంది. అప్పుడు హెడ్డు వంకర తిరుగుతుంది, హెడ్డుకూ బ్లాకుకూ మధ్యనున్న గ్యాస్కెట్ కాలిపోతుంది. నీరు ఆయిల్‌లో కలిసి, ఆయిల్ పాలు పోసిన టీ రంగులోకి మారుతుంది. అలాగే నడిపితే బేరింగులు పోయి ఇంజిన్ పట్టేస్తుంది. హీటెక్కుతోందని కొందరు థర్మోస్టాట్ వాల్వును పీకి పారేస్తారు. రోగం అలాగే ఉంటుంది. పైగా ఇంజిన్ సరైన వేడికి చేరక మరింత అరుగుతుంది.

రెండవది దుమ్ము. ఎర్రమట్టి దారుల్లో తిరిగే బండికి ఎయిర్ ఫిల్టర్ ముక్కు లాంటిది. ఫిల్టర్ చిరిగినా, దాని గొట్టం క్లిప్పు వదులైనా సన్నని మట్టి నేరుగా సిలిండర్లలోకి పోయి, గరుకు కాగితంలా రింగులను, లైనర్లను అరగదీస్తుంది. ఆ తర్వాత పికప్ తగ్గుతుంది, ఆయిల్ తాగుతుంది, నీలి పొగ మొదలవుతుంది. కొన్ని వందల రూపాయల ఫిల్టర్‌ను సమయానికి మార్చనందుకు ఇంజిన్ మొత్తం విప్పవలసి వస్తుంది.

మూడవది బరువు. 2005 మే నెలలో మార్కెట్లోకి వచ్చి, ఛోటా హాథీగా పేరుపడిన టాటా ఏస్ మొదటి రకానిది 702 సీసీ, రెండు సిలిండర్ల, 16 హార్స్ పవర్ డీజిల్ ఇంజిన్. ముప్పావు టన్ను మోయడానికి తయారైన బండి అది. దాని మీద టన్నున్నర ఎక్కించి ఎగువకు నడిపిస్తే ఇంజిన్ ఏం చెప్పుకుంటుంది? మూడు సిలిండర్ల అశోక్ లేలాండ్ దోస్త్, నాలుగు సిలిండర్ల మహీంద్రా బొలెరో పికప్ అంతకంటే పెద్ద మోతకు తయారైనవి. వాటికీ ఒక హద్దు ఉంది. అధిక బరువు వల్ల వచ్చే అదనపు కిరాయిని ఆ వారమే చేతిలో చూస్తాం. దాని ఖర్చును ఏడాది తర్వాత షెడ్డులో చూస్తాం. అందుకే ఆ రెంటికీ సంబంధం ఉందని మనకు తోచదు.

షెడ్డులో ఎంత అవుతుంది?

మరమ్మతు ధరలు ఊరిని బట్టి, బండిని బట్టి, విడిభాగం కంపెనీదా బయటిదా అన్నదాన్ని బట్టి మారతాయి. అయినా స్థూలంగా ఒక అంచనా అందరికీ ఉండాలి. చిన్న వ్యానుకు ఆయిల్, ఫిల్టర్లు మార్చడానికి సుమారు 2,000 రూపాయలు. నీళ్ల పంపు, హోసులు, ఫ్యాన్ బెల్టు కలిపి మారిస్తే మూడు నాలుగు వేలు. హెడ్డు దింపి, లేత్‌లో ఫేసింగ్ చేయించి, గ్యాస్కెట్ మార్చాలంటే 10,000కు అటూ ఇటూ. పిస్టన్లు, రింగులు, లైనర్లు, బేరింగులు మార్చి ఫుల్ ఇంజిన్ పని చేయిస్తే చిన్న బండికే 40,000 నుంచి 60,000 వరకు, పికప్ వంటి పెద్ద ఇంజిన్‌కు లక్ష దాకా. కామన్ రైల్ డీజిల్ బండిలో కొత్త ఇంజెక్టర్ ఒక్కటే 10,000 పైమాట, అలాంటివి మూడో నాలుగో ఉంటాయి. టర్బో పాడైతే మరో పాతిక వేలు.

ఈ వరుసను గమనించండి. 2,000 దగ్గర ఆగవలసింది 10,000కు, అక్కడా ఆగకపోతే 60,000కు చేరుతుంది. పెద్ద ఖర్చులలో చాలావరకు చిన్న ఖర్చును వాయిదా వేయడం వల్ల పుట్టినవే.

2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్-6 ప్రమాణాలతో పరిస్థితి ఇంకా మారింది. ఈ బండ్లలో పొగను శుభ్రపరిచే పరికరాలు, సెన్సార్లు, కంప్యూటర్ అదుపు వచ్చాయి. డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ లైటు వెలిగితే స్కానర్ పెట్టి చూడనిదే లోపం దొరకదు. స్పానర్, చెవి, అనుభవం – ఈ మూడింటితో రెండు తరాలు నడిపిన మన మెకానిక్ ఇప్పుడు ఆ లైటు ముందు నిస్సహాయుడవుతున్నాడు. బండి కంపెనీ సర్వీసు కేంద్రానికి తరలిపోతోంది, దానితోపాటు మొహల్లాలోని పనీ తరలిపోతోంది.

రేషన్ వ్యాన్ల పాఠం

2021 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం ఇంటింటికీ రేషన్ చేర్చేందుకు 9,260 వ్యాన్లను ప్రారంభించింది. సబ్సిడీతో ఇచ్చిన ఆ బండ్లలో 660 మైనారిటీ యువకులకు కేటాయించినవి. 2025 జూన్ 1 నుంచి ఆ ఏర్పాటు ముగిసి, రేషన్ తిరిగి చౌకధరల దుకాణాలకు వెళ్లింది. ఆ నిర్ణయం మంచిచెడ్డలు ఇక్కడ మా విషయం కాదు. నిన్నటిదాకా ప్రభుత్వ పనిలో ఉన్న బండి ఇప్పుడు కిరాయి వెతుక్కోవలసిన పాత బండి అయిందన్నదే మా విషయం. వాటిని నడుపుకునేవారు, కొనేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. వీధివీధినా ఆగుతూ, మొదటి గేరులో కదులుతూ పనిచేసిన బండికి మీటరు మీద కిలోమీటర్లు తక్కువ కనిపిస్తాయి. ఇంజిన్ పనిచేసిన గంటలు మాత్రం ఎక్కువ. తక్కువ తిరిగింది కనుక ఇంజిన్ కొత్తదే అనుకోవడం పొరపాటు.

ఈ ఉదంతంలో మరో పాఠమూ ఉంది. ఉపాధి పథకం కింద బండి ఇవ్వడంతో ప్రభుత్వం పని పూర్తికాదు. అయిదేళ్లు నిండిన బండికి ఫిట్‌నెస్, టైర్లు, ఇంజిన్ పని వరుసగా ఎదురవుతాయి. అప్పుడు ఆ యువకుడికి ఆసరా ఏది?

కొనేముందు చూడవలసినవి

ఉదయం ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే బండి చూడండి. అమ్మేవారు ముందుగానే స్టార్టు చేసి వేడిచేసి ఉంచితే మరో రోజు వస్తామని చెప్పండి. చల్లటి ఇంజిన్ ఎంతసేపటికి అందుకుంటుందో చూడండి. స్టార్టు అయిన తర్వాత ఆయిల్ మూత తీస్తే పొగ ఎగదన్నుతోందంటే రింగులు అరిగాయన్నమాట. మూత అడుగున తెల్లటి జిడ్డు ఉంటే ఆయిల్‌లో నీరు కలుస్తోందేమోనని అనుమానించాలి. ఇంజిన్ చల్లగా ఉండగానే రేడియేటర్ మూత తీసి, స్టార్టు చేయించి చూడండి, బుడగలు ఆగకుండా వస్తుంటే గ్యాస్కెట్ పోయినట్లే. వేడి ఇంజిన్ మీద ఆ మూత ఎన్నడూ తీయకండి, ముఖం కాలిపోతుంది.

పొగ రంగు కూడా చాలా చెబుతుంది. నల్ల పొగ వస్తే ఎయిర్ ఫిల్టర్, ఇంజెక్టర్లు చూడాలి. నీలి పొగ వస్తే ఆయిల్ మండుతోంది. వేడెక్కిన తర్వాత కూడా తెల్ల పొగ ఆగకపోతే నీరు సిలిండర్‌లోకి చేరుతోందేమో చూడాలి. ఖాళీ బండితో ఊళ్లో చుట్టు తిరిగితే చాలదు. బరువు వేసి ఒక ఎగువ ఎక్కించి, వేడి ముల్లు ఎక్కడ నిలుస్తుందో చూడాలి.

కాగితాలలో ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు ఆర్సీతో సరిపోవాలి. వేరే ఇంజిన్ ఎక్కించి, రవాణా శాఖలో నమోదు చేయించని బండి రేపు ఫిట్‌నెస్ దగ్గరో బీమా దగ్గరో ఇబ్బంది పెడుతుంది. కర్ణాటక బండి అయితే అక్కడి ఎన్వోసీ, ఫైనాన్సు తీరినట్లు పత్రం, పన్ను బకాయి లేదన్న ఆధారం చేతికి వచ్చేదాకా పూర్తి సొమ్ము ఇవ్వరాదు. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఏటేటా ఫిట్‌నెస్ అవసరమన్నదీ లెక్కలో ఉండాలి. బీమా ప్రమాద నష్టానికే గాని, అరుగుదల వల్ల చెడిన ఇంజిన్‌కు పరిహారం ఇవ్వదు.

అన్నిటికంటే ముఖ్యం, అమ్మేవాడితోనూ బ్రోకరుతోనూ సంబంధం లేని మెకానిక్‌ను వెంట తీసుకెళ్లడం. ఆయన కూలి కొన్ని వందలే ఉంటుంది. ఆ వందలు మిగిల్చుకోవాలని చూస్తే వేలు పోతాయి.

ఇంటి లెక్క

ఉదాహరణకు ఒక లెక్క వేద్దాం. డీజిల్ పోను రోజుకు 900 రూపాయలు మిగిలే బండి నెలకు 22 రోజులు తిరిగితే వచ్చేది 19,800. కంతు 8,500, బీమా, ఫిట్‌నెస్, టైర్ల కింద నెలకు 2,500 పోతే ఇంటికి 8,800. ఇప్పుడు ఇంజిన్ పట్టేసింది. మరమ్మతుకు 45,000. పన్నెండు పని దినాలు బండి షెడ్డులో ఉంటే పోయిన ఆదాయం 10,800. మొత్తం 55,800. అంటే ఇంటి ఖర్చుకు వచ్చే ఆరు నెలల సొమ్ము. ఆ 45,000 నూటికి అయిదు రూపాయల వడ్డీకి తెస్తే నెలనెలా 2,250 వడ్డీకే పోతుంది. అసలు అలాగే ఉంటుంది. ఇంటికి మిగిలేది 6,550. పిల్లవాడి బడి మాన్పించే ఆలోచన, ఇంటావిడ చెవి కమ్మలు తాకట్టు పెట్టే ఆలోచన ఇక్కడే మొదలవుతాయి. వడ్డీ హరామని తెలిసిన కుటుంబాన్ని ఆ వడ్డీ గుమ్మానికి తోసేది కూడా ఇదే.

అదే బండి తిరిగిన ప్రతి రోజూ 100 రూపాయలు పక్కన పెడితే నెలకు 2,200, ఏడాదికి 26,400 అవుతుంది. అది ఆదా అని భ్రమపడకూడదు. అది ఇంజిన్ కూలి. ఇంజిన్ ప్రతిరోజూ పనిచేసింది, దాని కూలి దానికి ఇచ్చాం, అంతే. రోజుకు 100 తీయడానికి కూడా వీలులేని కిరాయిలైతే, ఆ ధరకు ఆ బండి కొనడమే తగదని లెక్క ముందే చెబుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు వాహనాలపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కనుక పాత బండి ధరకు మొదటి ఏడాది మరమ్మతును కలిపి, దానిని కొత్త బండి ధరతో పోల్చి చూసిన తర్వాతే నిర్ణయించుకోవాలి.

ఎవరు ఏం చేయాలి?

ప్రభుత్వాన్ని మేము కోరేది దయ కాదు, సమానత. 2019లో వాహనమిత్ర పేరిట ఏటా 10,000 రూపాయల సాయం ప్రారంభమైనప్పుడు బీమా, ఫిట్‌నెస్, మరమ్మతుల భారం కోసమే అది అన్నారు. 2025 అక్టోబరు 4న ‘ఆటో డ్రైవర్ల సేవలో’ పథకం కింద 15,000 ఇచ్చారు. రెండూ ఆటో, టాక్సీ, మాక్సీ క్యాబ్ నడిపేవారికే. సొంతంగా చిన్న సరుకు వ్యాను నడుపుకునే పేదవాడు వాటిలో లేడు. మనుషులను మోసే బండికి మరమ్మతు ఉంటుందని ఒప్పుకున్నవారు మూటలు మోసే బండికీ ఉంటుందని ఒప్పుకోవాలి. ఇందుకు అన్ని వర్గాల వ్యాను డ్రైవర్లతో కలిసి వినతిపత్రాలు ఇవ్వాలి. ఇది ఒక్క ముస్లింల సమస్య కాదు, అలా అడిగితే బలమూ ఉండదు.

మైనారిటీ ఆర్థిక సంస్థ, బ్యాంకులు వాహన రుణం ఇచ్చేటప్పుడు మొదటి రెండేళ్ల నిర్వహణకు కొంత మొత్తాన్ని యూనిట్ వ్యయంలోనే చేర్చాలి. ముద్ర పథకం సరుకు వాహనానికీ వర్తిస్తుంది. శిశు విభాగంలో 50,000 వరకు అప్పు లభిస్తుంది. ఇంజిన్ పనికి రోజువారీ వడ్డీ వ్యాపారి దగ్గరకు వెళ్లేముందు బ్యాంకు తలుపు తట్టమని మా విన్నపం. ఐటీఐలలో, నైపుణ్య కేంద్రాలలో పనిలో ఉన్న మెకానిక్కులకు స్కానర్ వాడకం, సెన్సార్ల పని సాయంత్రం పూట నేర్పే చిన్న కోర్సులు పెట్టాలి. పదో తరగతి తప్పిన మేస్త్రీకి కూడా అందులో చోటుండాలి, బోధన తెలుగులో సాగాలి.

ఇక మన జమాఅత్‌లు. మస్జిద్ కమిటీలు ఖర్జె హసనా పద్ధతిలో వడ్డీలేని మరమ్మతు నిధిని ఏర్పాటు చేయవచ్చు. సొమ్ము బండి యజమాని చేతికి కాక, షెడ్డు బిల్లుకు, విడిభాగాల దుకాణానికి నేరుగా చెల్లించి, నెలనెలా తిరిగి వసూలు చేయాలి. ఇద్దరు హామీదారులు, ఒక రిజిస్టరు, ఏటా ఒకసారి అందరి ముందు లెక్క – ఈ మూడూ లేని నిధి నిలవదని కార్యాలయ అనుభవంతో చెబుతున్నాము. ముగ్గురు నలుగురు మేస్త్రీలను ఒప్పించి, మొహల్లాలో ఎవరు పాత బండి కొన్నా ముందు వారికి చూపించే ఆనవాయితీ తేవాలి. ఊరూరా నాలుగైదు షెడ్లు కలిసి ఒక స్కానర్ కొనుక్కుంటే ఆ ఖర్చూ భారం కాదు.

చివరిగా అమ్మేవారికి ఒక మాట. మదీనా బజారులో ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టి, లోపలి తడిని గమనించి, ఆ తడిసిన గింజలను జనానికి కనపడేలా పైన ఉంచమని ప్రవక్త (స) చెప్పిన సంగతి మనందరికీ తెలుసు. ఇంజిన్‌ను కడిగి, రంగు పూసి, చిక్కటి ఆయిల్ పోసి నీలి పొగను ఒక్క పూట దాచడం ఆ తడి గింజలను అడుగున దాచడమే. గ్యాస్కెట్ బలహీనంగా ఉందని చెప్పి 10,000 తగ్గించి అమ్మినవాడు నష్టపోడు. చెప్పకుండా అమ్మితే కొన్నవాడి పిల్లల అన్నం తీసుకున్నవాడవుతాడు.

రాబోయే నెలలో మీ మొహల్లాలో ఎవరైనా పాత వ్యాను బేరంలో ఉంటే, అడ్వాన్సు ఇచ్చేలోపే ఒక మేస్త్రీని వెంట పంపండి. మీ కమిటీ సమావేశంలో మరమ్మతు నిధిని చర్చకు పెట్టండి. వానలు మన చేతిలో లేవు, చేతిలో ఉన్న బండినైనా నిలుపుకుందాం.